ఒక్క పట్టా మీద పొగబండి: పటియాలా మోనోరైల్ ఇంజన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం చూసొచ్చిన మనవాళ్ళు ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూపించి, "ఇదేం ఇంజనండీ, రెండో పట్టా ఏమైంది?" అని అడుగుతుంటారు. చూడ్డానికి బుల్లి పొగబండి ఇంజనే. పొగగొట్టం ఉంది, బాయిలర్ ఉంది. కింద మాత్రం ఒకటే పట్టా, పక్కన ఎడ్లబండికి ఉండాల్సినంత పెద్ద చక్రం ఒకటి. ఆ ఫొటో చూశాక వచ్చే ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. అందుకే జవాబులన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అసలు ఇదేం బండి?

పంజాబ్‌లోని పటియాలా సంస్థానంలో 1907 నుంచి 1927 వరకు నడిచిన పటియాలా స్టేట్ మోనోరైల్ ఇంజన్ ఇది. బండి బరువులో దాదాపు 95 శాతం ఒకే పట్టా మీద ఉంటుంది. మిగతా 5 శాతం పక్కనున్న చక్రం మోస్తుంది. ఆ చక్రం దొర్లేది పట్టా మీద కాదు, మామూలు రోడ్డు మీద. అంటే సగం రైలు, సగం రోడ్డు బండి. ఈ ఏర్పాటుని యూయింగ్ పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో ఆవిరి ఇంజన్లు లాగిన లైను ప్రపంచం మొత్తంలో పటియాలాది ఒక్కటే.

ఒక్క పట్టా మీద పడిపోకుండా ఎలా నిలబడుతుంది?

బజాజ్ చేతక్ స్కూటర్‌కి సైడ్‌కార్ తగిలించుకుని కుటుంబమంతా వెళ్ళిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. స్కూటర్ రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉంటాయి, పక్కనున్న మూడో చక్రం ఒరిగిపోకుండా పట్టుకుంటుంది. ఇక్కడా అంతే. ఒక తేడా ఉంది. సైడ్‌కార్‌లో మనుషులు కూర్చుంటారు కాబట్టి ఆ చక్రం మీద గట్టి బరువే పడుతుంది. పటియాలా బండిలో పక్క చక్రం మీద వీలైనంత తక్కువ బరువు పడాలి. అలాగని అస్సలు పడకపోతే బండి చక్రం లేని వైపుకి బోల్తా కొడుతుంది.

లెక్క తేలికే. పట్టా నుంచి పక్క చక్రం అయిదడుగుల దూరంలో ఉందనుకోండి. బండి బరువు కేంద్రం సరిగ్గా పట్టా మీద కాకుండా చక్రం వైపు మూడంగుళాలు జరిగి ఉంటే చాలు. అరవై అంగుళాల్లో మూడంగుళాలంటే ఇరవయ్యో వంతు, అదే 5 శాతం. తక్కెడలో సామాను పెట్టిన పళ్ళెం వైపు ముల్లు కొద్దిగా మొగ్గు చూపినట్టు, బండి ఎప్పుడూ చక్రం వైపుకి కొద్దిగా మొగ్గి ఉండాలి.

దీనివల్ల సరుకు ఎక్కించేవాళ్ళకి పని పెరుగుతుంది. మామూలు గూడ్సు పెట్టెలో బస్తాలు ఎటు పడేసినా పెద్దగా నష్టం లేదు. ఇక్కడ చక్రం లేని వైపు రెండు బస్తాలు ఎక్కువ పడితే మొగ్గు పోతుంది, పక్క చక్రం నేల నుంచి లేస్తుంది. మరీ చక్రం వైపే కుప్పపోస్తే ఆ చక్రం రోడ్డులో దిగబడుతుంది, లాగడం కష్టమవుతుంది. కాబట్టి హమాలీకి కూడా కొంచెం ఇంజనీరింగ్ తెలిసుండాలి!

ఇంత తిప్పలెందుకు? రెండు పట్టాలు వేసుంటే పోయేది కదా?

అందరూ మొదట అడిగేది ఇదే. అడగాల్సిందే. జవాబు మాత్రం డబ్బులో ఉంది.

మామూలు రైలు మార్గం కట్టాలంటే ముందు భూమి సేకరించాలి, కట్ట పోయాలి, కంకర పరవాలి. రెండు పట్టాల మధ్య దూరం వెంట్రుకవాసి కూడా మారకుండా పొడవాటి స్లీపర్లతో బిగించాలి. ఒకటే పట్టా అయితే మధ్యదూరం అనే మాటే లేదు. స్లీపర్ చిన్న చెక్కముక్క అయినా సరిపోతుంది. ఇనుము ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పట్టాని ఉన్న రోడ్డు పక్కనే వేసెయ్యొచ్చు. పక్క చక్రానికి కావలసిన దారి అప్పటికే ఉంది, దాన్ని ప్రభుత్వం ఎలాగూ బాగుచేస్తూనే ఉంటుంది. మలుపులు కూడా రోడ్డు ఎలా తిరిగితే అలా తిప్పుకోవచ్చు.

సరే, ఖర్చు తగ్గింది. రైలు లాభం కూడా తగ్గిపోదా? ఈ పద్ధతి తెలివంతా ఇక్కడే ఉంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లితే టన్నుకి ఒక 5 కిలోల లాగుడు సరిపోతుంది. ఆనాటి కంకర రోడ్డు మీద బండి చక్రానికి టన్నుకి 30 కిలోలు వేసుకుందాం. ఇవి ఉజ్జాయింపు అంకెలే, పోలిక కోసం చాలు. నాలుగు టన్నుల బండిని పూర్తిగా రోడ్డు మీద లాగాలంటే 120 కిలోల బలం కావాలి. పూర్తిగా రెండు పట్టాల మీదైతే 20 కిలోలు. పటియాలా పద్ధతిలో 3.8 టన్నులు పట్టా మీద ఉంటాయి, దానికి 19 కిలోలు. రోడ్డు మీదున్న 0.2 టన్నుకి 6 కిలోలు. మొత్తం 25.

120 ఎక్కడ, 25 ఎక్కడ! రెండో పట్టా కూడా వేస్తే ఇంకో అయిదు కిలోలు తగ్గుతుంది, అంతే. ఆ అయిదు కిలోల కోసం ఖర్చు రెట్టింపు చెయ్యాలా అన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న. నన్నడిగితే 1907లో, సమతలంగా ఉన్న పంజాబ్ మైదానంలో, వాళ్ళు తప్పు లెక్కేమీ వెయ్యలేదు.

దీని గేజ్ ఎంత?

గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఇక్కడున్నది ఒకటే. క్విజ్ పోటీల్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే అడిగినవాళ్ళకే మార్కులు తగ్గించండి.

ఇది పటియాలా మహారాజు సరదా కోసం కట్టించుకున్నదట కదా?

ఎక్కడ చూసినా ఇదే కథ. మహారాజా భూపీందర్ సింగ్ అంటే వజ్రాల హారాలు, రోల్స్ రాయిస్ కార్లు, చాయిల్ కొండ మీద క్రికెట్ మైదానం. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి ఆయనే కెప్టెన్. అలాంటాయన రాజ్యంలో ఒంటిపట్టా రైలు ఉందనగానే "రాజుగారి బొమ్మ" అనేసుకోవడం సులువు.

ఒక్కసారి తేదీలు చూడండి. భూపీందర్ సింగ్ పుట్టింది 1891 అక్టోబరులో. తండ్రి రాజీందర్ సింగ్ 1900 నవంబరులో పోతే తొమ్మిదేళ్ళకే గద్దె ఎక్కాడు. పాలన రీజెన్సీ కౌన్సిల్ చేతిలో ఉండేది. ఆయనకి కొన్ని అధికారాలు వచ్చింది 1909లో. వైస్రాయి మింటో వచ్చి పూర్తి అధికారాలు అప్పగించింది 1910 నవంబరులో. మోనోరైల్ మొదలైన 1907 నాటికి ఆయనకి పదిహేను, పదహారేళ్ళు. ఆ వయసు కుర్రాడు రైలంటే ముచ్చటపడి ఉండొచ్చు, కాదనను. ఖజానా తాళాలు మాత్రం ఆయన చేతిలో లేవు.

సరదాకి కట్టినదైతే ప్యాలెస్ తోటలో తిరిగేది. గ్వాలియర్ మహారాజు భోజనాల బల్ల మీద వెండి బొమ్మరైలు నడిపించి అతిథులకి వంటకాలు అందించేవాడు, సరదా అంటే అది. పటియాలా లైను ఎక్కడ మొదలైందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. అది ధాన్యం మండీలో మొదలైంది.

ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచేది?

రెండు వేరు వేరు లైన్లు. మొదటిది సర్హింద్ నుంచి బస్సీ మీదుగా మోరిండా వరకు, దాదాపు 15 మైళ్ళు. సర్హింద్ అప్పటికే నార్త్ వెస్టర్న్ రైల్వే పెద్ద లైను మీదున్న స్టేషన్. బస్సీ ధాన్యం వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడి బస్తాలు పెద్ద రైలు దాకా చేరాలి, అదీ అవసరం.

రెండోది పటియాలా నుంచి భవానీగఢ్ మీదుగా సునామ్ వరకు, దాదాపు 35 మైళ్ళు. పటియాలా మండీ దగ్గర బయల్దేరి, పెద్ద రైలు లైనుని లెవెల్ క్రాసింగ్ దగ్గర దాటి, ఊరి మధ్య నుంచి, కంటోన్మెంట్ పక్క నుంచి వెళ్ళేది. రెండూ కలిపితే 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు. బొమ్మరైలుకి ఇది మరీ పొడవు.

సునామ్ పేరు ఎక్కడో విన్నట్టుందా? ఉధమ్ సింగ్ పుట్టిన ఊరు అదే.

కట్టించింది కర్నల్ బౌల్స్ అనే ఇంజనీరు. కాంట్రాక్టు బొంబాయికి చెందిన మార్స్‌లాండ్ ప్రైస్ కంపెనీది.

ఇంజన్ ఎవరు తయారుచేశారు?

బెర్లిన్‌కి చెందిన ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ కంపెనీ. పటియాలాకి వచ్చినవి మొత్తం నాలుగు. 1876లో పెట్టిన ఈ కంపెనీ చెరుకు తోటలు, గనులు, ఇటుక బట్టీలు, కాలవ పనుల్లాంటి చోట్ల వేసే తేలికపాటి పట్టాలకీ బుల్లి ఇంజన్లకీ ప్రపంచమంతా పేరుపడింది. వాళ్ళు అమ్ముతున్న ఆరు చక్రాల చిన్న ఇంజన్‌నే తీసుకుని, పటియాలా కోసం ఒంటిపట్టాకి సరిపడేలా మార్చి పంపారు.

ఇంజన్ దగ్గర "0-3-0" అని చెబుతారు. అంటే ఏమిటి?

ఆవిరి ఇంజన్లని చక్రాల లెక్కతో పిలవడం అలవాటు. మొదటి అంకె ముందుండే చిన్న చక్రాలు, మధ్య అంకె ఆవిరి బలంతో తిరిగే పెద్ద చక్రాలు, చివరిది వెనక చిన్న చక్రాలు. మామూలు ఇంజన్లో చక్రాలు జతలు జతలుగా ఉంటాయి కాబట్టి ఎప్పుడూ సరిసంఖ్యలే వస్తాయి, 0-6-0, 2-8-2 అన్నట్టు. ఇక్కడ జతే లేదు. ఒకే వరసలో ఒకదాని వెనక ఒకటి మూడు చక్రాలు. బేసి సంఖ్యతో పిలిచే ఇంజన్లు చాలా అరుదు.

ఈ మూడు చక్రాలకీ ఇంకో ప్రత్యేకత ఉంది. మామూలు రైలు చక్రానికి లోపలివైపే అంచు, అదే ఫ్లాంజ్, ఉంటుంది. ఎడమ చక్రం ఒకవైపు జారకుండా ఆపితే, అదే ఇరుసుకి ఉన్న కుడి చక్రం రెండోవైపు ఆపుతుంది. ఇద్దరన్నదమ్ములు చెరో గుమ్మం కాపలా కాసినట్టు. ఒకటే చక్రమైతే రెండు గుమ్మాలూ తనే చూసుకోవాలి. అందుకే ఈ చక్రాలకి రెండువైపులా అంచులున్నాయి, బావి గిలకలాగా. పట్టా ఆ గాడిలో కూర్చుంటుంది.

పక్కనున్న పెద్ద చక్రానికి ఆవిరి బలం అందదు. బండి కదిలితే అదీ దొర్లుతుంది, అంతే. దాని అడ్డకొలత 39 అంగుళాలు, దాదాపు ఒక మీటరు. అంత పెద్దది ఎందుకంటే ఎడ్లబండి చక్రం పెద్దగా ఎందుకుంటుందో అందుకే. చిన్న చక్రం ప్రతి గుంటలోనూ పడుతుంది, పెద్దది దాటిపోతుంది.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆవిరి ఇంజన్ ఎంత లాగగలదన్నది నడిపే చక్రాల మీద ఎంత బరువు పడుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. బరువు చాలకపోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పెద్ద పెద్ద ఇంజన్లలో చాలా బరువు ముందూ వెనకా ఉన్న చిన్న చక్రాల మీదకే పోతుంది. ఈ బుల్లిదాంట్లో నూటికి తొంభై అయిదు పాళ్ళు నడిపే చక్రాల మీదే. ఆ విషయంలో ఇది పెద్దవాటికేం తీసిపోదు.

ఆంగ్లేయుల కాలం కదా, జర్మనీ ఇంజన్ ఎలా వచ్చింది?

బ్రిటిష్ ఇండియాలో పెద్ద రైళ్ళకి ఇంజన్లు ఎక్కువగా గ్లాస్గో, మాంచెస్టర్ల నుంచే వచ్చేవి. అయితే తోటల్లో, కర్మాగారాల్లో వేసే చిన్న లైన్ల సంగతి వేరు. అక్కడ కేటలాగ్ చూసి, ఎవరు చవగ్గా, త్వరగా ఇస్తే వాళ్ళ దగ్గర కొనుక్కునేవాళ్ళు. పైగా పటియాలా సంస్థానం, సొంత ఖజానా ఉన్న రాజ్యం. ఇది 1914 యుద్ధానికి ముందు మాట. ఆ తర్వాత బెర్లిన్ సరుకంటే ఎలా చూసేవాళ్ళో వేరే చెప్పక్కర్లేదు.

ఇంజన్లు వచ్చాక రైలంతా ఆవిరితోనే నడిచిందా?

ఫొటోలు చూసినవాళ్ళందరికీ కలిగే అపోహ ఇది. ఈ లైనుకి అసలు ఇంజన్లు నాలుగు కాదు, వందల్లో ఉన్నాయి, నాలుగేసి కాళ్ళతో.

ఆ రోజుల్లో సంస్థానాలు బ్రిటిష్ సామ్రాజ్య అవసరాల కోసం సొంత ఖర్చుతో కొంత సైన్యాన్ని, దానికి రవాణా జంతువుల్ని సిద్ధంగా ఉంచాలి. అలా పటియాలా పోషించాల్సిన కంచరగాడిదలు 560. యుద్ధమొస్తే సరే, రాకపోతే? అన్నిటికీ రోజూ దాణా పెట్టాల్సిందే, చూసుకునే మనుషులకి జీతాలివ్వాల్సిందే. పనిలేకుండా తింటున్న ఆ కంచరగాడిదలకి పని చూపించడం ఈ మోనోరైల్ వెనకున్న ఆలోచనల్లో పెద్దది. దున్నేవాడికి ఎద్దులు ముందే ఉన్నాయి, నాగలి కొనుక్కుంటే చాలు అన్నట్టుంది వ్యవహారం.

పైన వేసిన లెక్క గుర్తుందా, నాలుగు టన్నుల బండికి 25 కిలోల లాగుడు? పశువు ఏదైనా రోజంతా నింపాదిగా లాగగలిగేది తన బరువులో పదో వంతు అని ఒక మోటు లెక్క. ఓ మోస్తరు కంచరగాడిద బరువు మూడు, మూడున్నర వందల కిలోలు. అంటే సమతల నేల మీద ఒక్క జంతువే ఆ బండిని లాక్కుపోగలదు. అదే బండి రోడ్డు మీదైతే నాలుగింటిని కట్టాలి. పంజాబ్ మైదానం కాబట్టి సరిపోయింది. వందకి ఒక అడుగు చొప్పున ఎత్తున్నా టన్నుకి ఇంకో పది కిలోలు కావాలి, ఈ ముచ్చటంతా అక్కడే ఆగిపోయేది.

ఇంజన్లు తర్వాత వచ్చి చేరాయి. మూసే నాటికి కూడా లైను మీద కంచరగాడిదలు ఉన్నాయి. మ్యూజియంలో వాటి బొమ్మ ఒక్కటైనా పెడితే బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఇనుము మిగిలింది కాబట్టి కథ ఇంజన్‌ది అయిపోయింది.

ఎంత వేగంతో వెళ్ళేది? మలుపుల్లో పడిపోదా?

నెమ్మదిగానే వెళ్ళాలి, కంచరగాడిద నడకకి అటూ ఇటూగా. మలుపుల సంగతి మాత్రం ఆసక్తిగా ఉంటుంది.

రైలు మలుపు తిరుగుతున్నప్పుడు బయటివైపుకి తోపు వస్తుంది. పక్క చక్రం మలుపుకి బయటివైపు ఉంటే భయం లేదు, ఆ తోపుని చక్రం కాస్తుంది. లోపలివైపు ఉంటే? అటు ఆపడానికి ఏమీ లేదు, ఆ మూడంగుళాల మొగ్గు తప్ప. బరువు కేంద్రం పట్టా నుంచి 1.2 మీటర్ల ఎత్తులో, చక్రం వైపు 7.5 సెంటీమీటర్లు జరిగి ఉందనుకుని, 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపుకి లెక్క వేసి చూశాను. గంటకి 15 కిలోమీటర్లు దాటితే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. కొలతలు నేను అనుకున్నవే అయినా ధోరణి అర్థమవుతుంది. సైకిల్ మీద వెళ్ళే వేగానికే ఇది బోల్తా కొట్టగలదు. ఈ పద్ధతి వేగంగా ఎదగలేకపోవడానికి కారణం ఇందులోనే ఉంది.

ఇంజన్‌ని వెనక్కి తిప్పేదెలా?

తిప్పకూడదు! తిప్పితే పక్క చక్రం రోడ్డు వైపు నుంచి పొలం వైపుకి వెళ్ళిపోతుంది. ఎటు పోయినా ఇంజన్ మొహం ఒకవైపే. వచ్చేటప్పుడు ముందుకి వస్తే పోయేటప్పుడు వెనక్కి పోవాలి.

ఇలాంటిది మన దేశంలో ఇంకెక్కడైనా ఉండేదా?

మున్నార్‌లో ఉండేది. కేరళ వెళ్ళినవాళ్ళు టాప్ స్టేషన్ అనే చోటు చూసే ఉంటారు. పేరులో స్టేషన్ ఎందుకుందని ఎప్పుడైనా అనుకున్నారా? 1902లో మున్నార్ నుంచి టాప్ స్టేషన్ దాకా కుండల లోయలో టీ పెట్టెలు మోయడానికి ఇదే యూయింగ్ పద్ధతిలో ఒంటిపట్టా వేశారు. లాగింది ఎద్దులు. టాప్ స్టేషన్ నుంచి సరుకు రోప్‌వే మీద కిందకి, తమిళనాడు వైపు దిగేది. 1908లో ఆ ఒంటిపట్టా తీసేసి రెండడుగుల గేజ్ రైలు మార్గం వేశారు, అప్పుడే ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1924 నాటి పెద్ద వరద ఆ మార్గాన్ని తుడిచిపెట్టేసింది. కాబట్టి మున్నార్‌లో ఒంటిపట్టా ఉన్నప్పుడు ఇంజన్ లేదు, ఇంజన్ వచ్చేసరికి ఒంటిపట్టా లేదు. రెండూ కలిసింది పటియాలాలోనే.

విదేశాల్లో?

ఐర్లాండ్‌లో లిస్టోవెల్ నుంచి బాలీబునియన్ వరకు 1888 నుంచి 1924 దాకా ఒక మోనోరైల్ నడిచింది. దాని పద్ధతి వేరు. మనిషి నడుమంత ఎత్తులో పట్టా, బండి దాని మీద కావడిలా రెండువైపులా వేలాడుతుంది. ఇంజన్‌కి కూడా అటొక బాయిలర్, ఇటొక బాయిలర్. కావడి కాబట్టి రెండువైపులా సమానంగా బరువుండాలి. ఎవరో పియానో పంపాలంటే సరితూగడానికి అవతలివైపు పశువుని ఎక్కించి పంపారని, తిరిగి ఆ పశువుని తేవడానికి మళ్ళీ తంటాలు పడ్డారని కథ చెప్పుకుంటారు.

ఇంకొకటి లూయీ బ్రెన్నన్ చేసిన బండి. లోపల జోరుగా తిరిగే బరువైన చక్రాలు, అవే గైరోస్కోపులు, దాన్ని పడకుండా నిలబెట్టేవి. పక్క చక్రం అవసరమే లేదు. 1909 నవంబరులో ఇంగ్లండ్‌లోని గిల్లింగ్‌హామ్‌లో 40 మందిని ఎక్కించుకుని తిరిగి చూపించింది. దీని ప్రయోగాలకి ఇండియా ఆఫీసూ కశ్మీర్ దర్బారూ డబ్బిచ్చాయి. సరిహద్దు కొండల్లో పనికొస్తుందని ఆశ. పనయితే ముందుకి సాగలేదు.

మన దేశంలో మొదటి మోనోరైల్ ముంబైది కాదా?

ముంబైది 2014లో మొదలైంది. కాంక్రీటు దిమ్మె మీద కరెంటుతో నడిచే ఆ పద్ధతికి దేశంలో మొదటిదంటే సరే. ఒంటిపట్టా అన్న మాటకొస్తే మున్నార్, పటియాలా వందేళ్ళు ముందు.

ఎందుకు మూసేశారు?

1927 అక్టోబరు 1న మూసేశారు. కారణం రోడ్డు.

కాస్త విచిత్రంగా ఉంటుంది. ఈ లైను పుట్టడానికి ఆధారం పక్కన రోడ్డు ఉండడమే. రోడ్డు మరీ బాగుంటే పట్టా అక్కర్లేదు, మరీ అధ్వాన్నంగా ఉంటే పక్క చక్రం నడవదు. ఆ రెంటికీ మధ్యనున్న రోడ్ల కాలానికే ఈ బండి సరిపోతుంది. 1920ల్లో రోడ్లు బాగుపడ్డాయి, మోటారు బస్సులూ కార్లూ వచ్చాయి. అదే రోడ్డు మీద, అదే ఊళ్ళ మధ్య, రెండుమూడు రెట్ల వేగంతో బస్సు పోతుంటే ఇక దీన్ని ఎక్కేదెవరు? సర్హింద్ లైనుని ఇంకా ముందుకి, రోపడ్ వైపు పొడిగించాలన్న ఆలోచన కూడా ఆగిపోయింది, అటు పెద్ద రైలే వచ్చేస్తుండడంతో. ఇవాళ సర్హింద్ నుంచి బస్సీ, మోరిండాల మీదుగా వెళ్ళేది బ్రాడ్‌గేజ్.

రైళ్ళకి బస్సుల పోటీ అన్ని చోట్లా ఉన్నదే. మన నిజాం రైల్వే అయితే అయిదేళ్ళ తర్వాత, 1932లో, తనే 27 బస్సులు కొని నడపడం మొదలుపెట్టింది. పటియాలా బండికి అలా బతికే దారి లేకపోయింది.

మరి ఇంజన్ తుక్కు కాకుండా ఎలా మిగిలింది?

మూసేశాక మిగిలిన ఇంజన్లు పటియాలాలో ఒక షెడ్డులో పడి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, 35 ఏళ్ళు. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పాత ఇనుముకి గిరాకీ పెరిగింది, దేశ విభజన జరిగింది, సంస్థానమే లేకుండా పోయింది. అయినా ఎవరూ వాటిని కదపలేదు. మన ఆఫీసుల్లో పనికిరాని సామాను రాసేయడానికి కూడా సంతకాలు కావాలి కదా, ఆ ఆలస్యమే ఇక్కడ మేలు చేసినట్టుంది (ఇది నా ఊహ, సరదాకే తీసుకోండి).

1962లో మైకేల్ సేటో అనే బ్రిటిష్ రైలు ప్రేమికుడు వాటిని గుర్తించాడు. అప్పట్లో ఆయన మన దేశంలోనే ఉద్యోగం చేసేవాడు. ఢిల్లీలో రైలు మ్యూజియం ఏర్పాటులో కూడా ఆయన చెయ్యి ఉంది. తర్వాత ఇంగ్లండ్‌లో స్టీఫెన్‌సన్ నాటి లోకోమోషన్, రాకెట్ ఇంజన్లకి నడిచే నకళ్ళు తయారుచేయించినవాడు కూడా ఈయనే. పటియాలా ఇంజన్‌ని అమృత్‌సర్‌లోని నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో విప్పి, బాగుచేసి, మళ్ళీ నడిచేలా చేశారు. నాలుగింటిలో ఇప్పుడు మిగిలినవి రెండు. ఒకటి ఢిల్లీ మ్యూజియంలో ఉంది, రెండోది అమృత్‌సర్ వర్క్‌షాపు దగ్గర కదలకుండా ప్రదర్శనలో ఉంది.

ఇప్పుడు వెళ్తే నడుస్తుంటే చూడొచ్చా?

1977లో తెరిచిన ఈ మ్యూజియం సోమవారాలు మూసి ఉంటుంది. ఇంజన్ నడిచే స్థితిలోనే ఉంది, దాన్ని నడపడానికి కొన్ని రోజులు కేటాయిస్తారు. ఆ రోజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే నాలా మొదటిసారి వెళ్ళి, చల్లారిన బాయిలర్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి రావాల్సొస్తుంది.

దగ్గరికెళ్ళాక ఏమేం గమనించాలి?

అందరూ పొగగొట్టం పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. మీరు మాత్రం కిందకి వంగి చూడండి. మూడు చక్రాలకీ రెండువైపులా అంచులు కనిపిస్తాయి. పక్క చక్రం మీద చెయ్యి పెట్టగలిగితే దాని ఎత్తు మీ నడుం దగ్గరికి వస్తుంది. అది దొర్లడానికి మ్యూజియంవాళ్ళు పట్టా పక్కన ప్రత్యేకంగా దారి వేశారు. అసలు పటియాలాలో ఆ చోట ఎడ్లబండ్లూ సైకిళ్ళూ తిరిగే మామూలు రోడ్డు ఉండేదని గుర్తుచేసుకోండి.

వెనక తగిలించిన పెట్టెని చూసి, "ఇందులోనేనా జనం ప్రయాణించింది?" అని పిల్లలు అడుగుతారు. అది చీఫ్ ఇంజనీరు తనిఖీలకి వాడిన బండి నమూనా. పాత చట్రం మీద కొత్తగా కట్టారు. బస్సీ బస్తాలు మోసిన బండ్లు అక్కడ లేవు.